అర్చకుని ఇల్లు: నడిగడ్డ గృహవాస్తు, ఆముక్తమాల్యద, శ్రీశైలం ముంపు

తెలుగులో దేవుడుండే చోటికి పేర్లు కొల్లలు. గుడి, కోవెల, దేవళం, ఆలయం, మందిరం అనే పదాలు ఒకదాని పక్కన ఒకటి వాడుకలో ఉన్నాయి. గర్భగృహం, అంతరాళం, ముఖమంటపం, ప్రాకారం, గోపురం అని దాని ప్రతి అవయవానికీ ప్రత్యేక నామం ఉంది. ఆ దేవుణ్ణి నిత్యం కొలిచే మనిషి నివసించే ఇంటికి మాత్రం ప్రత్యేకమైన పేరు లేదు. ఊళ్లో దాన్ని 'అయ్యగారి ఇల్లు' అంటారు, లేదా 'పూజారోళ్ల ఇల్లు' అంటారు. రెండూ మనిషి పేరుతో ఇంటిని గుర్తించే మాటలే. అదే ఊళ్లో జంగమయ్య ఇంటికి 'మఠం' అనే పేరుంది. అది వంశానికి ఇంటిపేరుగా కూడా స్థిరపడింది. క్రైస్తవ మిషనరీ ఇంటికి 'బంగ్లా' అనే పేరుంది. వాడలోని చర్చి పక్కన కాపురముండే తెలుగు బోధకుని ఇంటికి మళ్లీ పేరు లేదు.

పేర్ల పంపకంలోని ఈ అసమానత యాదృచ్ఛికం కాదు. ఏ ఇంటిని సమాజం సంస్థగా చూసింది, ఏ ఇంటిని కేవలం కాపురంగా చూసింది అనే తేడా ఇందులో కనిపిస్తుంది. 2016లో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ఈ తేడా ఒక భౌతిక పరిణామానికి కూడా దారి తీసింది. శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు మునిగినప్పుడు కొన్ని ఆలయాలు రాయి రాయిగా తరలి కొత్త నేల మీద నిలిచాయి. వాటిని కనిపెట్టుకున్న ఇళ్లు తరలలేదు. ఆ ఇల్లు ఆలయానికి ఆనుకొని ఉన్న వేరొక కట్టడం కాదనీ, ఆలయ వాస్తులోనే ఒక భాగమనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ రెంటినీ విడదీసి చూసే అలవాటు పురావస్తు పరిశోధనకు ఎంత ఉందో సాహిత్య విమర్శకూ అంతే ఉంది.

మిద్దె నిర్మాణం

కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రాయచూరు అంతర్వేదికి ఇది తూర్పు కొస. ఇక్కడి పాత ఇల్లు ప్రధానంగా మట్టి మిద్దె. రాతి గోడను అడుసుతో కడతారు. లోపల చెక్క స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద పలకలో కంపో పరిచి, ఆ పైన చవుడు మన్ను దట్టంగా వేస్తారు. వానలకు ముందు ప్రతి ఏడూ కొత్త చవుడు చల్లి కప్పును సరిచేసుకోవాలి. పక్క గోడలకు కిటికీలు తక్కువ, లేదా అసలే ఉండవు. వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ కప్పులో గవాక్షి అనే రంధ్రం ఉంటుంది. వాన వస్తే దాన్ని మూసేస్తారు.

అర్చకుని ఇల్లు ఈ సాధారణ నమూనాకు లోబడినదే. బయటి నుంచి చూస్తే పక్క ఇంటికీ దానికీ భేదం అట్టే కనిపించదు. భేదం లోపలి క్రమంలో ఉంది. వీధి అరుగు, దర్వాజ, కడప, పడసాల, దేవునర్ర, వంటర్ర, వెనుక బావి, పెరడు. ఈ వరుసలో లోపలికి పోయేకొద్దీ ప్రవేశించగలవారి సంఖ్య తగ్గుతుంది. ఆలయంలోనూ ఇదే క్రమం. ప్రాకారం దాటి మంటపానికి రాగలిగినవారందరూ అంతరాళానికి రారు. అంతరాళానికి వచ్చినవారు గర్భగృహంలో అడుగు పెట్టరు. ఇంటి వంటర్ర గుడి గర్భగృహంతో సమానమైన నియమాలకు లోబడి ఉండడం ఇక్కడ ముఖ్యంగా గమనించవలసిన అంశం.

దానికి కారణం ఆచారం ఒక్కటే కాదు, అవసరం కూడా. పెద్ద క్షేత్రాలలో నైవేద్యం వండడానికి ఆలయంలోనే వంటశాల ఉంటుంది. చిన్న గుళ్లలో ఉండదు. అక్కడ దేవుడి అన్నం అయ్యగారి ఇంట్లో ఉడుకుతుంది. తడిబట్టతో బావి నీళ్లు తోడి, మడితో వండి, గిన్నె మీద ఆకు కప్పి గుడికి తీసుకుపోతారు. గుడి బీగంచెవి ఇంట్లో ఉంటుంది. దీపానికి నూనె, ఉత్సవానికి వాడే వస్త్రాలు, గంట, హారతి పళ్లెం ఉండేది కూడా ఇంట్లోనే. గుడి రాతి గోడల దగ్గర ముగుస్తుందని వాస్తు పటం చూపుతుంది. పని తీరును బట్టి చూస్తే అది వంటర్ర పొయ్యి దాకా వస్తుంది. ఆ పొయ్యికీ గర్భగృహానికీ మధ్య ఉన్న దారి ఈ వాస్తులో కీలకమైన భాగం. పటంలో మాత్రం అది ఖాళీ స్థలంగానే ఉండిపోతుంది.

ఈ ఇంటి రూపాన్ని నిర్ణయించే మరో అంశం వంతు. అర్చకత్వం వంశంలో సాగినంతకాలం అన్నదమ్ముల మధ్య పూజా వంతులు పంచుకునేవారు. ఇల్లూ అలాగే పంపకమయ్యేది. నడుమ గోడ లేచేది, ఒకే పడసాల రెండుగా చీలేది. బావి మాత్రం ఉమ్మడిగా మిగిలేది, ఎందుకంటే మడి నీళ్లు అందరికీ కావాలి. పురిటి మైల, చావు మైల వచ్చినప్పుడు పూజ ఆగకూడదు కనుక, ఆ మైల సోకనంత దూరపు జ్ఞాతి దగ్గరలోనే కాపురముండడం అవసరమయ్యేది. కనుక అర్చకుల ఇళ్ల వరుసను ఒక వంశవృక్షంగా చదవవచ్చు. గోడ ఎక్కడ లేచిందో చూస్తే వంతు ఎక్కడ చీలిందో తెలుస్తుంది.

ఈ ఇంటి ప్రాచీనతను ఎలా కొలవాలి? అలంపురం నవబ్రహ్మాలయాలు 7, 8 శతాబ్దాల బాదామి చాళుక్య నిర్మాణాలు. వాటి పక్కన నిలిచిన మట్టి మిద్దెలో ఏ పదార్థమూ అంత పాతది కాదు. చవుడు నిరుటిది, దంతెలు తాత కాలానివి కావచ్చు. పాతది దాని క్రమం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కనీసం నూరేళ్ల ఉనికిని ప్రాచీనతకు గుర్తుగా అడుగుతుంది. రాతి కట్టడానికి ఆ ప్రశ్న సులభం. ఏటేటా కప్పు మార్చుకుంటూ బతికే ఇంటిని ఆ ప్రశ్నతో కొలిస్తే అది ఎప్పటికీ కొత్తదిగానే తేలుతుంది.

కావ్యంలో ఇల్లు

అర్చక గృహాన్ని కేంద్రంగా చేసుకున్న తెలుగు కావ్యం ఒకటుంది. అది శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద. విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరులో స్వామికి పూలదండలు కట్టే భక్తుడు. అతని ఇంటికి అతిథులు వస్తూనే ఉంటారు. విమర్శకులు ఈ ఘట్టాన్ని రాయల ఆహార పరిజ్ఞానానికి, ఋతువర్ణన నైపుణ్యానికి, వైష్ణవ భక్తికి ఉదాహరణగా తరచు చూపారు. దానిని ఒక ఇంటి వర్ణనగా చదివిన సందర్భాలు అరుదు. దానికి తగిన కారణం కావ్యంలోనే ఉంది. కవి ఆ ఇంటి గోడలను గాని, స్తంభాలను గాని చెప్పడు. ఊరి మేడల వర్ణనకు చోటిచ్చిన కవి ఈ ఇంటి కొలతలను వదిలేస్తాడు. రాత్రిపూట ఆ ఇంటి నుంచి వినిపించే మాటలు చెబుతాడు. గ్రంథపఠనం వినిపిస్తుంది, కూరలు ఎక్కువ లేవని, వేడిగా లేవని అతిథులతో వినయంగా అనే మాటలు వినిపిస్తాయి. ఏ కాలంలో ఏమి వండుతారో చెబుతాడు. వానాకాలంలో ఏ కట్టెలతో వండుతారో కూడా చెబుతాడు.

ఆ చివరి వివరం వాస్తుకు సంబంధించినది. వర్షర్తువులో విష్ణుచిత్తుని ఇంట ఎండు కొబ్బరి పొయ్యిలోకి వంటచెరకుగా వస్తుంది. దీన్ని సంపన్న ఆతిథ్యానికి చిహ్నంగా వ్యాఖ్యానించడం పరిపాటి. నాల్గవ ఆశ్వాసంలోని వర్షవర్ణనతో కలిపి చదివితే వేరొక అర్థం తోస్తుంది. అక్కడ తడిసిన కట్టెలు, ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకున్న నిప్పు, ఎంత ఊదినా రాజని పొయ్యి, ఇల్లంతా కమ్ముకున్న పొగ, వాటితో ఇల్లాళ్లు పడే పాట్లు ఉన్నాయి. కప్పులోని గవాక్షిని వానకు మూసిన మిద్దె ఇంట్లో పొగకు దారి ఉండదు. అలాంటి ఇంట్లో పొడిగా, చురుగ్గా మండే కట్టె అతిథి భోజనానికి సంబంధించిన నిర్మాణ సమస్యకు పరిష్కారం. కథ జరిగేది తమిళదేశంలో. వంటింటిని చూసిన కన్ను మాత్రం తుంగభద్ర గట్టుదని అనిపిస్తుంది. హంపి నుంచి అదే నది దిగువకు వచ్చి అలంపురం దాటి కృష్ణలో కలుస్తుంది. ఆ దారి పొడవునా మట్టి మిద్దెలే సాధారణ గృహాలు. ఇది ఊహే, కాని కావ్యం తనంతట ఇచ్చే సాక్ష్యానికి విరుద్ధమైన ఊహ కాదు.

కావ్యం నుంచి సాంఘిక జీవనాన్ని తవ్వి తీసే ఈ పద్ధతిని తెలుగులో స్థిరపరచినవాడు నడిగడ్డకు చెందిన ఇటిక్యాలపాడు వాడైన సురవరం ప్రతాపరెడ్డి. 1949లో వెలువడిన ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆముక్తమాల్యద వంటి ప్రబంధాలను చారిత్రక ఆధారాలుగా వాడుకుంది. భోజనాలు, వేషాలు, ఆటలు, వృత్తులు ఆ పద్ధతికి చక్కగా లొంగాయి, ఎందుకంటే వాటికి కావ్యంలో పేర్లున్నాయి. పేరు లేనివాటి దగ్గర ఆ పద్ధతి చిక్కులో పడుతుంది. పొయ్యిలోని కట్టెను బట్టి కప్పును ఊహించే పని పదాల జాబితాతో జరగదు. సురవరం మార్గాన్ని అనుసరించిన తరువాతి పరిశోధనల్లో ఎక్కువ భాగం జాబితా దగ్గరే ఆగిపోయింది. కావ్యాల్లోని ఆభరణాలు, కావ్యాల్లోని వంటకాలు అనే శీర్షికలు ఎన్నో వచ్చాయి. మనుషులు ఆ వంటకాలను ఏ అర్రలో, ఎవరికి కనబడకుండా తిన్నారనే ప్రశ్న వెనకబడింది.

అరుగు అవతల

ఈ ప్రశ్నకు ఆముక్తమాల్యదలోనే రెండో సగం ఉంది. విష్ణుచిత్తుని ఇంటి తలుపు తెరిచి ఉంచిన కావ్యమే మాలదాసరి కథను కూడా చెప్పింది. ఆ భక్తుడు చీకటితోనే బయలుదేరి కురుంగుడి చేరి, గుడి బయటే నిలబడి పాడతాడు. భక్తిలో అతనిది ఉన్నత స్థానం. స్థలంలో అతనిది వెలుపలి స్థానం. కవి మొదటిదాన్ని కీర్తించాడు, రెండోదాన్ని మార్చలేదు. విష్ణుచిత్తుని ఇంట అతిథులుగా భోజనం చేసినవారు ఎవరో, ఆ ఇంటి అరుగు దాకా రాలేనివారు ఎవరో ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది. అర్చక గృహ వాస్తును మెచ్చుకునే ఏ రచనైనా ఈ రెంటినీ కలిపి చదవాలి. పైన చెప్పిన లోలోపలి క్రమం, అర్ర వెంట అర్ర, ఎంత అందంగా ఉన్నా అది మనుషులను వడబోసే యంత్రం కూడా. వంటర్రకు ఉన్న మడి వీధికీ ఉండేది. ఆ వీధిలోకి మాల మాదిగలు రావడమే నిషిద్ధమైన కాలం ఎంతో దూరపుది కాదు.

గ్రామదేవతలను కొలిచే కుమ్మరి, బోయ, బైండ్ల పూజారుల ఇళ్లకు ఈ క్రమం వర్తించదు. వారి ఇల్లు అందరి ఇళ్ల లాంటిదే, గుడి ఊరి బయట ఉంటుంది, నైవేద్యం ఎవరి ఇంట వారు వండి బోనంగా తెచ్చుకుంటారు. వంట కేంద్రం లేనిచోట పూజారి గృహానికి ప్రత్యేక వాస్తు అవసరం కాలేదు. వంటర్ర గురించి పైన చేసిన ప్రతిపాదనకు ఇది వ్యతిరేక దిశ నుంచి వచ్చే బలం.

జంగమ మఠం మూడో రకం. వైదికార్చకుని ఇంట్లో చావు మైల. శవం గడప దాటిపోవాలి, ఇల్లు శుద్ధి కావాలి. వీరశైవ మఠంలో పూర్వగురువు సమాధి మఠం ఆవరణలోనే గద్దెగా ఉండవచ్చు, దానికి నిత్యపూజ జరగవచ్చు. దేహంపై లింగం ఉన్నవారికి మైల లేదన్న సిద్ధాంతం ఇక్కడ నేల మీద గీసిన పటంగా మారింది. ఆలయమూ గృహమూ ఒకే కప్పు కింద ఉన్నందువల్లనే కాబోలు ఈ ఇంటికి పేరు దక్కింది.

బంగ్లా విషయం వేరు. 20వ శతాబ్దం తొలి దశకాలలో అమెరికన్ మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ నాగర్‌కర్నూలు, వనపర్తులలో కేంద్రాలు ఏర్పరచుకుంది. మిషన్ బంగ్లా అనే నమూనా తెలుగు నేల అంతటా దాదాపు ఒకటే. ఎత్తైన పునాది, చుట్టూ వెడల్పాటి వరండా, మందమైన గోడలు, ఎత్తైన కప్పు, విడిగా వంటిల్లు, పనివారి గదులు, కాంపౌండు గోడ, అందులోనే బడి, దవాఖాన, చర్చి. అర్చకుని ఇంట్లో వంటర్ర అత్యంత అంతర్భాగం. బంగ్లాలో వంట ఇంటి బయటికి పోయింది. అక్కడ అతి పవిత్రమైన పని ఇక్కడ నౌకరు పని. ఈ తలకిందులు తెచ్చిన మార్పు చిన్నది కాదు. బంగ్లా వరండా మీదికి మాదిగ వాడ నుంచి వచ్చిన మనిషి ఎక్కి నిలబడగలిగాడు. ఊళ్లో ఏ అరుగూ అంతవరకు అతనికి ఆ అవకాశం ఇవ్వలేదు. వరండా దాటి లోపలికి ఎంతమంది పోగలిగారన్నది వేరే ప్రశ్న. దొరలు, దొరసానులు లోపల, విశ్వాసులు వరండాలో అనే ఏర్పాటు కూడా వడబోతే.

బంగ్లా ఉనికి పత్రాలకెక్కింది. కాన్సస్ రాష్ట్రంలోని హిల్స్‌బోరోలో ఉన్న మిషన్ బోర్డుకు లెక్కలు చెప్పవలసి ఉండడంతో కట్టడాల ఖర్చులు, నివేదికలు, ఛాయాచిత్రాలు పోగయ్యాయి. అర్చకుని ఇంటికి అలాంటి లెక్క అడిగినవారు లేరు. నిజాం ప్రభుత్వపు ఉమూరె మజ్‌హబీ శాఖకు, ఇనాముల విచారణలకు కావలసింది భూమి, సేవ, వారసుడు. ఏ దేవుడికి ఎంత భూమి, ఎవరి పేరున అని ముంతఖబ్ చెబుతుంది. ఆ దేవుడి అన్నం ఏ ఇంట ఉడికిందో చెప్పదు. వాడలోని తెలుగు బోధకుని గుడిసె ఏ దఫ్తరంలోనూ లేదు. ఈ మూడు ఇళ్లలో పరిశోధకునికి అందుబాటులో ఉన్నది ఒక్కటే, అది ఊరికి అందరికంటే ఆలస్యంగా వచ్చినది.

మునక

శ్రీశైలం ప్రాజెక్టు పని 1960లో మొదలైంది. జలాశయం నిండేనాటికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నూటికి పైగా గ్రామాలు మునకకు గురయ్యాయి. 1981లో ఇళ్లను కూల్చి ఊళ్లు ఖాళీ చేయించిన తీరు నిజనిర్ధారణ నివేదికలకు ఎక్కింది. అదే కాలంలో ఆలయాల తరలింపు జరిగింది. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లిలో ఉన్న చాళుక్యుల సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి నిలిపారు. పాపనాశి ఆలయాలకూ స్థానభ్రంశం తప్పలేదు. చంద్రికాపరిణయ కర్త సురభి మాధవరాయలు ఏలిన జటప్రోలులో మదనగోపాలస్వామి ఆలయం కొత్త ఊరికి చేరింది. సాంకేతికంగా ఇది గొప్ప పని. దాన్ని చేసినవారి శ్రద్ధను తక్కువ చేయనక్కరలేదు.

తరలింపుకు పనికొచ్చే కట్టడం అంటే ఏమిటో ఇక్కడ స్పష్టమవుతుంది. రాయికి రాయి విడివడాలి, ప్రతి రాయికీ గుర్తు వేయగలగాలి, మళ్లీ అదే వరుసలో పేర్చగలగాలి. అడుసు గోడకు, చవుడు కప్పుకు ఆ వీలు లేదు. అలాంటి ఇంటి నుంచి వెంట తీసుకుపోగలిగేవి దూలాలు, స్తంభాలు, ద్వారబంధం మాత్రమే. భూసేకరణ చట్టం ఇంటిని మట్టి, కలప, రాళ్ల విలువగా లెక్కించింది. పొయ్యికీ గర్భగృహానికీ మధ్య దారికి పరిహారపు పట్టికలో వరుస లేదు. అందుకే తరలిన ఆలయం వాస్తు ప్రకారం సంపూర్ణం, వినియోగం ప్రకారం అసంపూర్ణం. గర్భగృహం, అంతరాళం, మంటపం యథాతథంగా ఉన్నాయి. బావి లేదు, వంటర్ర లేదు, వంతును బట్టి చీలిన గోడలు లేవు. కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి శిల్పరీతి దృష్టితో చదివిన వ్యాసాలకు ఈ లోటు కనిపించలేదు. వాటి దృష్టిలో ఆలయం మొదటి నుంచీ అంతవరకే.

ఈ భౌతిక వియోగానికి చట్టపరమైన వియోగం తోడైంది. 1987 నాటి 30వ దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కును రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2007 సవరణ కొంత ఉపశమనం ఇచ్చింది. వంశానికి బదులు అర్హత అనే సూత్రాన్ని సామాజిక న్యాయ దృష్టితో తప్పుపట్టలేము. మాలదాసరిని గుడి బయట నిలిపిన వ్యవస్థకు వంశహక్కే ఆధారం. వాస్తు చరిత్రకు అది మరో విధంగా ముఖ్యం. పూజ వేతనోద్యోగమైనప్పుడు గుడి పక్కనే కాపురముండవలసిన అగత్యం సడలుతుంది. నైవేద్యం గిన్నెతో బస్సు దిగే అర్చకునికి గుడికి ఎదురుగా ఇల్లు అక్కరలేదు.

కృష్ణకు అవతలి ఒడ్డున, నాగర్‌కర్నూలు జిల్లా సోమశిలకు ఎదురుగా, సప్తనదీ సంగమేశ్వరాలయం ఇప్పటికీ జలాశయంలోనే ఉంది. వేసవిలో నీటిమట్టం తగ్గినప్పుడు అది బయటపడుతుంది. శిఖరం తేలినప్పటి నుంచి వార్తలు మొదలవుతాయి, ఛాయాచిత్రాలు వస్తాయి. గర్భగుడిలో వేపచెక్క లింగం పాడుకాకుండా నిలిచిందని భక్తులు ఆశ్చర్యపోతారు. అర్చకులు వచ్చి బురద కడిగి దీపం పెడతారు. వానలు మొదలై నీరు తిరిగి పెరిగేదాకా పూజలు సాగుతాయి. ఆ కొద్ది నెలలూ దేవుడి అన్నం ఊరు దాటి, పడవ దాటి రావాలి, లేదా గుడి ముందే మూడు రాళ్ల పొయ్యి మీద ఉడకాలి.